బయానా ఇచ్చే ముందు దానికో పేరు పెట్టండి

మా ఇంటి డిజైన్‌కి నేను ముందుగా కట్టిన 60 వేల రూపాయలకి నా చేతికొచ్చినవి తొమ్మిది రంగుల బొమ్మలు. ఇప్పటికీ ఫోన్‌లో దాచుకున్నాను. వాటిలో నాలుగోదంటే నాకు భలే ఇష్టం. అది మా వంటగది: తెల్లటి గట్టు, గట్టు మీద గాజు గిన్నె నిండా పచ్చ ఆపిల్స్, పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ, కిటికీ అవతల నీలం ఆకాశం. నిజానికి మా వంటగది కిటికీ అవతల ఉన్నది ఆకాశం కాదు, కొండ. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఎర్రమట్టి కట్ట, దాని మీద సీతాఫలం చెట్టు, వానాకాలమంతా ఆ కట్ట మీంచి జారే నీళ్లు. బొమ్మ గీసినాయన మా ఊరు కొయ్యూరు రాలేదు. వస్తే ఆ నీళ్లు ఎటు పోవాలో ముందు గీసేవాడు, ఆపిల్స్ తర్వాత గీసేవాడు.

ఇల్లు మా నాన్న కట్టింది. మట్టి గోడలు, టేకు దూలాలు, బంగాళా పెంకు, వీధి వైపు పొడుగాటి అరుగు. నేను ఆశ్రమ పాఠశాలలో పంతులుగా పని చేస్తూ దాచుకున్న పీఎఫ్‌లోంచి 6 లక్షలు తీసి, పెంకు మార్పించి, వంటగది వెడల్పు చేయించి, లోపలే ఒక బాత్రూం కట్టించాలని మా ఆవిడ కోరిక. నాది కూడా అనుకోండి. విశాఖలో ఒక సంస్థ (పేరు ఇక్కడ అనవసరం) “డిజైన్ మాదే, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మాదే, మీరు తాళాలు తీసుకుంటే చాలు” అంది. అంచనాలో 10 శాతం ముందు కట్టాలి. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి ఎంతో మర్యాదస్తురాలు.

“కొలతలకి ఎప్పుడొస్తారమ్మా?”

“రానక్కర్లేదు సర్, వీడియో కాల్‌లో తీసేసుకుంటాం. మీరు టేపు పట్టుకుంటే చాలు.”

“ఇది కొండ వాలులో ఇల్లమ్మా. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది.”

“అవన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది సర్. ఈ నెలాఖరు లోపు బుక్ చేసుకుంటే చిమ్నీ ఫ్రీ.”

ఆ చిమ్నీయే బొమ్మలో ఉన్నది.

మనవడు ఫోన్ పట్టుకున్నాడు, నేను టేపు పట్టుకున్నాను, మే నెలలో డబ్బు కట్టాను. జూన్‌లో బొమ్మలొచ్చాయి. జులైలో, వానలకి ఘాట్ రోడ్డు ఎక్కి మా టీమ్ రాదన్నారు. ఆగస్టులో మెయిల్ వచ్చింది: ఆ 60 వేలు డిజైన్‌కే సరిపోయాయట, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మొదలు పెట్టాలంటే ఇంకో లక్షా 20 వేలు పంపాలట. డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. “నాన్ రిఫండబుల్ సర్, మీరు టిక్ కొట్టారు కదా” అంది. అదే అమ్మాయి, అదే మర్యాద.

తప్పంతా వాళ్లదే అనుకుంటే ఈ అధ్యాయం రాయనక్కర్లేదు, నలుగురికీ చెప్పి తిట్టుకుంటే సరిపోతుంది. నన్ను నిలబెట్టేసింది మా ఆవిడ అడిగిన ఒక్క మాట. “ఆ అరవై వేలూ దేనికిచ్చారు?” అడ్వాన్స్‌గా ఇచ్చానన్నాను. “అదే, దేనికి అడ్వాన్స్?” అంది. బొమ్మలకా, మనుషుల్ని పంపడానికా, సామాను కొనడానికా, లేక మాట మీద నిలబడతానని చెప్పడానికా? నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి.

అడ్వాన్స్ అనే ఒక్క మాట కింద నాలుగు రకాల డబ్బు దాక్కుంటుంది. మొదటిది బయానా. పెద్దవాళ్లు సంచకరువు అనేవారు. బేరం కుదిరింది, వెనక్కి తిరగను అని చెప్పడానికిచ్చే చిన్న మొత్తం. రెండోది డిజైన్ ఫీజు, అంటే కొలతలకీ గీతలకీ ఇచ్చే మజూరీ. మూడోది పర్యవేక్షణ ఫీజు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని గంభీరంగా పిలిచేది దాన్నే: మేస్త్రి సరిగ్గా కడుతున్నాడా, సిమెంటు సరైనదేనా, వడ్రంగి చెప్పిన రోజుకి వస్తున్నాడా అని చూసే పని. నాలుగోది సామాను డబ్బు. ఈ నాలుగింటినీ ఒకే రశీదులో కలిపేస్తే, గొడవ వచ్చిన రోజున అవతలివాళ్లు తమకి ఏ పేరు లాభమైతే ఆ పేరు పెట్టుకుంటారు. నా 60 వేలు బుక్ చేసేటప్పుడు బయానా, బొమ్మలు పంపాక డిజైన్ ఫీజు, వెనక్కి అడిగాక నాన్ రిఫండబుల్. డబ్బు అదే.

ముందు డబ్బు తీసుకోవడం ఈ కొండలకి కొత్త కాదు. కొయ్యూరు చుట్టూ వాలులన్నీ జీడితోటలు. సంక్రాంతి ఖర్చులకి చేతిలో పైసా ఉండదు, షావుకారు వచ్చి పూత చూసి డబ్బిస్తాడు. ఏప్రిల్‌లో జీడిపిక్కలు తూకానికొచ్చేసరికి అతను చెప్పిందే ధర. ఇలాంటి దళారుల చేతుల్లోంచి గిరిజనుల్ని తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. చాన్నాళ్లు నాకు ఒక అనుమానం ఉండేది. జీడి బేరంలో ముందు డబ్బిచ్చినవాడిదే పెత్తనం. మరి ఇంటి బేరంలో ముందు డబ్బిచ్చిన నాకు పెత్తనం రాలేదేం? పైగా ఉన్నది కూడా పోయిందేం?

కారణం చిన్నదే. షావుకారు డబ్బిచ్చేటప్పుడు తోట అతని కళ్లెదుట ఉంటుంది. చెట్లు లెక్కపెట్టుకుంటాడు, పూత ఎంత పట్టిందో తల పైకెత్తి చూస్తాడు, తోట ఎక్కడికీ పారిపోదని అతనికి తెలుసు. నేను డబ్బిచ్చేటప్పుడు నా ఎదుట ఉన్నది ఫోన్ తెర. అతను ఉన్నదాని మీద ఇచ్చాడు, నేను వాళ్లు చెప్పినదాని మీద ఇచ్చాను. అప్పట్నుంచి ఎవరికైనా ముందు డబ్బు ఇవ్వాల్సి వస్తే నన్ను నేను అడుగుతున్నాను: చూడ్డానికి తోట ఏదీ?

అలాగని ముందు పైసా ఇవ్వననడం కూడా న్యాయం కాదు. ఇక్కడివాళ్లకి రెండో వైపు కథ ఇంకా బాగా తెలుసు. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయిస్తూ గిరిజనుల చేత రెక్కలు ముక్కలయ్యేలా పని చేయించి కూలి ఎగ్గొట్టడం, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోరాటం రాజుకోవడానికి ఒక కారణం. ఆ పోరాటం 1924 మే 7న ఆయన్ని మా పక్క ఊరు మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపడంతో ఆగింది. పని ముందు చేయించుకుని డబ్బు మాట ఎత్తనివాడు ఎలాంటివాడో ఈ గాలికి తెలుసు. డిజైనర్ కూడా కూలీయే. మూడు వారాలు కూర్చుని గీసి ఇచ్చాక, ఆ డ్రాయింగులు పట్టుకెళ్లి తక్కువకి చేసే మేస్త్రికిచ్చి, ఫోన్ ఎత్తడం మానేసే యజమానులు బోలెడుమంది. వాళ్లు ముందు కొంత అడగడం తప్పు కాదు. ఎంత, దేనికి, ఏది చూపించి అన్నవే ప్రశ్నలు.

వీటికి చక్కటి జవాబు ఎక్కడో కాదు, మా గూడేల్లోనే ఉంది. పీఎం జన్‌మన్ పథకం 2023 నవంబరు 15న మొదలైంది. అందులో ఆదిమ తెగల కుటుంబానికి ఇంటికి 2 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో దానికి ఇంకో లక్ష కలపాలని నిర్ణయించింది. ఈ డబ్బు ఒక్కసారి చేతిలో పెట్టరు. పునాది లేస్తే ఒక విడత, గోడలు లేస్తే ఒకటి, స్లాబు పడితే ఇంకొకటి. ప్రతి అంచెలో సచివాలయం నుంచి మనిషి వచ్చి ఇంటి ముందు నిలబడి ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఆ ఫోటోలో స్థలం గుర్తు కూడా పడుతుంది. బిల్లు ఆలస్యమైందని జనం తిట్టుకుంటారు, తిట్టుకోవాల్సిందే. కానీ చదువురాని అవ్వకి ఇచ్చే 2 లక్షల దగ్గర ప్రభుత్వం అంత జాగ్రత్త పడుతుంటే, చదువుకున్న నేను ఒక్క గోడ లేవకుండా డబ్బు పంపేశాను.

బ్యాంకు ఇంటి రుణమైనా ఇంతే, పని నడిచినకొద్దీ విడతలుగా ఇస్తుంది. మా దగ్గర చిక్కేమిటంటే, ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల భూమి గిరిజనేతరుల పేరుకి మారదు. అందుకని ఇల్లు తాకట్టు పెట్టుకుని అప్పివ్వడానికి బ్యాంకులు మైదానంలో చూపించినంత హుషారు ఇక్కడ చూపించవు. ఆ చట్టం మా భూమికి రక్ష, దాన్ని నేనేమీ అనను. కానీ దాని వల్ల మేం ఇంటికి పెట్టేది పీఎఫ్ డబ్బు, జీడి డబ్బు, డ్వాక్రా అప్పు. అంటే మొత్తం ఒకేసారి చేతికొస్తుంది, విడతలు చూసే ఇంజినీరెవరూ ఉండరు. ఆ ఇంజినీరు మనమే కావాలి.

నగరంలో ఫ్లాటు కొనేవాళ్లకి రెరా అండ ఉంది. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, రిజిస్టర్ చేసిన ఒప్పందం లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్లు ఇచ్చిన దాంట్లో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, పని ఎంత జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ రాసిచ్చాకే తీసుకోవాలి. అదే చట్టం అమ్మకంతో సంబంధం లేని మరమ్మతుల్నీ రెనోవేషన్‌నీ పక్కన పెట్టింది. కాబట్టి మీ వంటగదికి రెరా రాదు. చట్టం రాకపోయినా అందులోని లెక్కని అరువు తెచ్చుకోవచ్చు: సంతకం లేకుండా 10 శాతం దాటొద్దు, పని చూడకుండా తర్వాతి విడత కదలొద్దు. నాకు ఆ పది శాతమే 60 వేలైంది, కాబట్టి అది కూడా ఎక్కువేనంటాను.

డిజైన్‌కి డబ్బివ్వండి. కానీ బొమ్మలకి కాదు. త్రీడీ బొమ్మ కళ్లకి, డ్రాయింగు మేస్త్రికి. డిజైన్ ఫీజుకి బదులు మీ చేతిలోకి రావాల్సినవి నాలుగు: ఉన్న ఇంటి కొలతల ప్లాను (మనిషి వచ్చి తీసింది), కొత్త ప్లాను గోడల మందంతో సహా, కరెంటు పాయింట్లూ నీళ్ల పైపుల గీతలు, అన్నిటికన్నా ముఖ్యంగా పరిమాణాలతో ఎస్టిమేట్. ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని చదరపు అడుగుల టైల్స్, ఎన్ని అడుగుల పైపు. నర్సీపట్నం నుంచి పైకి తెచ్చేసరికి ప్రతి బస్తా మీదా బండి కిరాయి పడుతుంది కదా, మాకు ఆ కాగితం మరీ అవసరం. నగర ధరల ఎస్టిమేట్ పట్టుకుని ఘాట్ ఎక్కితే సగం దారిలోనే డబ్బయిపోతుంది. ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారో, ఒప్పందం మధ్యలో తెగితే ఆ డ్రాయింగులు ఎవరివో కూడా ముందే రాయించుకోండి.

ఇక్కడొక సంగతి. ఆర్కిటెక్ట్ అనే పేరు 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే పెట్టుకోవాలి. వాళ్లకి కౌన్సిల్ సూచించే రుసుముల పట్టికలో కూడా మొదట ఇచ్చేది చిన్న మొత్తం, మిగతాదంతా అంచెలంచెలుగా, చివరి వాటా పని పూర్తయ్యాక. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకి అలాంటి కట్టుబాటేదీ లేదు, రేపు నేనూ బోర్డు పెట్టుకోవచ్చు. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేస్తే జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. డబ్బు సంస్థ ఖాతాకే వెయ్యండి, ఎవరి సొంత ఫోన్ నంబరుకో కాదు.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కి మాత్రం ముందుగా ఇవ్వొద్దనే నా మాట. జరగని పనిని ఎవరు చూసినట్టు? పైగా ఆ ఫీజుని పని విలువలో శాతంగా పెడితే, ఖర్చు పెరిగినకొద్దీ చూసేవాడి ఆదాయం పెరుగుతుంది, ఖర్చు తగ్గించాలని అతనికెందుకుంటుంది? కొండ మీద ఇళ్లకి మంచి పద్ధతి విజిట్ లెక్క. వచ్చిన రోజుకి ఇంత. పునాది తవ్వినప్పుడు, గోడలు లింటల్‌కి వచ్చినప్పుడు, పైకప్పు వేసే ముందు, పైపులు గోడలో పెట్టి పూడ్చే ముందు, ఆఖర్న ఒకసారి. పూడ్చే ముందు విజిట్‌ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోవద్దు. టైల్ అతికించాక పైపు ఎలా పెట్టారో దేవుడికే తెలియాలి.

కాలం కూడా ఒక లెక్కే. ఇక్కడ పనులు నడిచేది సంక్రాంతి దాటాక మే దాకా. జీడి డబ్బు చేతికొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. ఆ డబ్బు చూసి నెలాఖరు ఆఫర్‌కి కట్టేస్తే, జూన్ నుంచి వాన మీ తరఫున వాయిదాలు అడుగుతూనే ఉంటుంది. జీడి డబ్బుతో వానాకాలంలో డ్రాయింగులు గీయించుకోండి, పని సంక్రాంతి తర్వాత మొదలు పెట్టండి.

మరి నా 60 వేలు? టిక్ కొట్టినంత మాత్రాన కథ అయిపోదని నాకు తర్వాత తెలిసింది. 1872 నాటి ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో చెప్పింది ఇదీ: కాగితంలో ఎంత జరిమానా రాసుకున్నా, ఒప్పందం తప్పినందుకు దక్కేది న్యాయమైన నష్టపరిహారమే. 2012లో ఇంకో తీర్పులో, నిజమైన బయానా అయితే తప్పినవాడు పోగొట్టుకుంటాడు, ధరలో భాగంగా ఇచ్చిన అడ్వాన్స్ అయితే అలా మింగెయ్యడం కుదరదని తేల్చింది. కాబట్టి ఆ డబ్బుకి కాగితం మీద పెట్టిన పేరే దాని జాతకం. మా ఆవిడకి ఆ తీర్పులు తెలియవు, ప్రశ్న మాత్రం అదే అడిగింది.

నేను కోర్టుకి పోలేదు. జరిగిందంతా తేదీలతో ఒక పేజీలో రాసి, బొమ్మలూ మెయిళ్లూ జతచేసి సంస్థకి రిజిస్టర్ పోస్టులో పంపాను. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి, 2019 చట్టం ప్రకారం మనం ఉన్న చోటే వెయ్యొచ్చు. సంస్థ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, ఒప్పందంలో మధ్యవర్తి దగ్గరికే పోవాలని రాసున్నా మనల్ని ఆపలేదు. ఈ చివరిది కూడా 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసిందే. ఇవన్నీ ఉత్తరంలో మర్యాదగా రాశాను, ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్న మర్యాదే. ఆరు వారాలకి 32 వేలు వెనక్కొచ్చాయి. మిగతా 28 వేలు ఆపిల్స్‌కి.

మరుసటి జనవరిలో నర్సీపట్నం నుంచి ఒక కుర్ర ఇంజినీరుని పిలిచాను. మోటార్ సైకిల్ మీద వచ్చాడు. మొదటి విజిట్‌కి 3 వేలు తీసుకున్నాడు, పెట్రోలుతో సహా. టేపు తీసే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, వంటగది వెనక కట్ట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

“మాస్టారూ, వానాకాలంలో ఇక్కణ్ణుంచి నీళ్లు ఎటు పోతాయండీ?”

అప్పటికే నాకు సగం నమ్మకం కుదిరింది. డ్రాయింగులూ ఎస్టిమేటూ కలిపి 14 వేలు: కొలతల ప్లాను ఇచ్చిన రోజు సగం, అన్నీ ఇచ్చాక సగం. తర్వాత ఒక్కో విజిట్‌కి 1,500. కట్టకి రాతి గోడ, దాని మొదట్లో కాలువ గీశాడు. వంటగది వెడల్పు రెండడుగులు తగ్గింది. మా ఆవిడ వారం రోజులు మూతి ముడుచుకుంది.

మేస్త్రి మా వాడే. పని గుత్తకి లక్షా 60 వేలు, సామాను మాది. అతనూ అడ్వాన్స్ అడిగాడు. ఈసారి దేనికని అడిగాను. “కూలీల బియ్యానికి మాస్టారూ, సెంట్రింగ్ చెక్క బండి కిరాయికి” అన్నాడు. 20 వేలిచ్చి, నోటు పుస్తకంలో సరిగ్గా ఆ మాటలే రాసి ఇద్దరం సంతకం పెట్టాం. ఆ తర్వాత ప్రతి సంత ముందు రోజు సాయంత్రం ఎంత పని జరిగిందో టేపు పెట్టి చూసుకుని అంత డబ్బు. సంతకి వెళ్లే కూలీకి చేతిలో డబ్బుండాలి, మర్నాడిస్తానంటే కుదరదు. ఆఖర్న 8 వేలు మాత్రం ఒక వాన కురిసే దాకా నా దగ్గరే ఉంటాయని మొదటి పేజీలోనే రాశాం. మేస్త్రి కాస్త గొణిగాడు. “వాన మీద నాకు నమ్మకమే మాస్టారూ, మీ మీదే” అని నవ్వాడు.

మే ఆఖరుకి పని అయిపోయింది. ఈ జులైలో రెండు రోజులు ఆగకుండా కురిసింది. కట్ట నీళ్లు కాలువలోంచి తిన్నగా కిందికి పోయాయి. రెండో రోజు రాత్రి వంటగది గోడ, కొత్త పైకప్పు కలిసే మూల ఒక తడి మచ్చ కనబడింది, రూపాయి బిళ్లంత. మా ఆవిడ టార్చి వేసి చూపించింది. తెల్లారాక మేస్త్రికి ఫోన్ చేశాను. “వస్తున్నా మాస్టారూ” అన్నాడు, ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నానికి తడిసి ముద్దయి, నిచ్చెన భుజాన వేసుకుని అరుగు ఎక్కాడు.